ఉప్పు నీళ్లు తాగిన బండి

మా అన్నయ్య పోయిన నలభయ్యో రోజు కూటానికి పటమట వెళ్లాను. ప్రార్థన అయింది, భోజనాలయ్యాయి, అన్నయ్య సహనం గురించి పాస్టరు గారు చెప్పిన కబుర్లూ అయ్యాయి. దేవదానానికి సహనమేమిటి, నా మొహం. నట్టు ఒకటి బిగుసుకుపోతే దాన్ని చేసినవాడి ఏడు తరాలనీ తిట్టిపోసేవాడు. అందరూ వెళ్లాక అన్నయ్య మనవరాలు కెజియా పెరట్లో షెడ్డులోంచి ఒక ఇనప్పెట్టె ఈడ్చుకొచ్చింది. "అమ్మమ్మా, ఇందులో ఏది ఉంచాలో ఏది పారెయ్యాలో నువ్వే చెప్పాలి. మా నాన్నకీ తెలీదంట" అంది. ఆకురాళ్లు, స్పానర్లు, గుడ్డపీలికలు, వాటి అడుగున రెండు అరచేతులంత చెక్కముక్క. పొణికి చెక్క, చేతిలో ఉన్నట్టే ఉండదు. దాని మీద బూడిదరంగు పూత ఒకటి గట్టిగా అంటుకుని ఉంది. "ఇదేం బొమ్మ? కళ్లూ ముక్కూ లేవు" అని ఆ పిల్ల నవ్వింది. నేను అక్కడే గట్టు మీద కూర్చుని దాన్ని ఒళ్లో పెట్టుకున్నాను. బొమ్మలు చేసే మనిషే చేశాడు గానీ అది బొమ్మ కాదు. ఉంచు, పారెయ్యకు అని మాత్రం పిల్లతో అన్నాను. చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నాను.

మా నాన్న సువార్తికుడు. యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్లు వేలం వేసిన ఇంగ్లీషు మోటారు సైకిలు ఒకటి ఎలాగో ఆయన చేతికొచ్చింది. దాని మీదే కంకిపాడు నుంచి సముద్రం దాకా ఊరూరా తిరిగి వాక్యం చెప్పేవాడు. తెల్లారగానే అమ్మ రుబ్బురోలు దగ్గర కూర్చునేది, నాన్న బండి దగ్గర కూర్చునేవాడు. రోలు గరగరలాడుతుంటే, బండి భడభడలాడుతుంటే హాయిగా నిద్రపోయేవాళ్లం. రెండిట్లో ఏది ఆగినా మెలకువ వచ్చేది. రుబ్బిన మినప్పప్పు వాసనా పెట్రోలు వాసనా కలిస్తే వచ్చే వాసన ఒకటుంది. అది నాకు ఇంటి వాసన. ఇప్పుడు పిండి పాకెట్లలో వస్తోంది, బళ్లు చప్పుడు లేకుండా పోతున్నాయి. పిల్లలకి ఇంటి వాసన అంటే ఏం గుర్తుంటుందో నాకు తెలియదు. నాన్న పోయాక బండి అన్నయ్యకొచ్చింది. అన్నయ్య ఆటోనగర్లో లేతు మిషను మీద పనిచేసేవాడు. ఆ బండికి విడిభాగాలు మన దేశంలో దొరకవు గనుక అరిగిన ప్రతిదీ చేత్తోనే చేసుకునేవాడు. చేసుకున్నందుకు గర్వంగా కూడా ఉండేవాడు.

సుగుణ వదినది దివిసీమలో సముద్రానికి దగ్గరి ఊరు. కాపరానికి వస్తూ తొమ్మిది సత్తు గిన్నెలు తెచ్చుకుంది. రోజూ వాటిని చింతపండూ బూడిదా వేసి తోమి, పెద్దది మొదలుకుని చిన్నది దాకా పెరటి గోడ మీద వరసగా బోర్లించేది. ఒకటి వరస తప్పితే ఎవరు తీశారని ఇల్లంతా అడిగేది. ఆ గిన్నెల మీద నేను ఆమెని ఎంత ఆటపట్టించానో లెక్కలేదు. తొలికాన్పు కదా, ఏడో నెల రాగానే వాళ్ల నాన్న వచ్చి పుట్టింటికి తీసుకెళ్లాడు. గిన్నెలు మాత్రం ఇక్కడే ఉన్నాయి.

ఆ బండి ఇంజను పక్కన ఒక మూత, మూత లోపల పళ్లచక్రాలు ఉంటాయి. అంతకు ముందు వాటిలో ఒకటి అరిగిపోతే అన్నయ్య ఇత్తడితో ఒకటి కోసి వేశాడు. ఇత్తడి మెత్తన, ఉక్కుతో చెయ్యాలని తెలుసు. "ప్రస్తుతానికి నడవనీ, సుగుణ పురిటికి వెళ్లాక తీరిగ్గా చేస్తా" అన్నాడు. వెళ్లింది. తీరిక దొరకలేదు. ఒకరోజు రేడియోలో తుఫాను అన్నారు. రేడియో చెప్పిన తుఫానులన్నీ వచ్చేవి కావు గనుక అమ్మ పెద్దగా పట్టించుకోలేదు. గాలి తీరు చూసి అన్నయ్య మాత్రం, వదినని తీసుకొచ్చేస్తానని బండేసుకుని బయల్దేరాడు. అవనిగడ్డ దాటి చాలా దూరం వెళ్లాడు. వదిన వాళ్ల ఊరు ఇంకో ఐదు మైళ్లుందనగా, ఒక తూము దగ్గర, ఇంజను లోపల ఏదో విరిగిన చప్పుడైంది. ఇత్తడి చక్రం పళ్లు రాలిపోయి, ఆ ముక్కలు ఇరుక్కుని మూత పగిలింది. వాచీ చూసుకుంటే మూడుంబావు. నడిచి వెళ్దామనుకున్నాడు గానీ ఆ గాలికి నిలబడటమే కాలేదు. పాక్కుంటూ పక్కనున్న స్కూలు డాబా ఎక్కాడు. అక్కడ ఉండగానే నీళ్లొచ్చాయి. ఆ నీళ్లకి చేతి వాచీ నాలుగుంబావు దగ్గర ఆగిపోయింది. వదిన వాళ్ల ఊళ్లో ఇళ్లు లేవు, మనుషులు లేరు. వదిన దొరకలేదు.

బియ్యం, బట్టలు పంచడానికి వెళ్లిన లారీ ఒకటి తిరిగొస్తూ అన్నయ్యని మా వీధి చివర దింపింది. అన్నయ్యతో పాటు బురద ముద్దగా ఉన్న ఆ బండినీ దింపింది. అమ్మ గుమ్మంలో నిలబడి, "కోడల్ని తేలేదు, ఇనుము మోసుకొచ్చావా దేవదానం" అంది. అమ్మ ఆ తర్వాత ముప్పై ఏళ్లు బతికింది. ఏ మాట మీద మనసు మళ్లినా ఈ మాట దగ్గరికే వచ్చి ఏడ్చేది.

రెండు నెలలు అన్నయ్య పనికి పోలేదు, సరిగ్గా తినలేదు. షెడ్డులో బండిని పుల్లపుల్లగా విప్పి, ప్రతి ముక్కనీ కిరసనాయిల్లో కడిగి, గోనె మీద పరిచి కూర్చునేవాడు. ఉప్పు నీళ్లు లోపలికంటా పోయాయి. పట్టుకుంటే పెచ్చులు రాలేవి. ఒకరోజు వాచీ బాగుచేయించుకొచ్చి నా చేతిలో పెట్టాడు. మగవాళ్ల వాచీ, వదులు. ఎడమచేతికి గాజులున్నాయని కుడిచేతికి పెట్టుకున్నాను.

"మూడుంబావుకి బండి ఆగింది. నాలుగుంబావుకి ఇది ఆగింది. మధ్యలో గంటుంది ఎస్తేరూ" అన్నాడు. "బండి ఆగకుండా ఉంటే, ఆ గంటలో ఊళ్లోకెళ్లి సుగుణని ఎక్కించుకుని స్కూలు దాకా వచ్చేవాణ్ణా లేదా? నాకది తెలియాలి."

"తెలిసి ఏం చేస్తావు అన్నయ్యా?"

"అందేది కాదని తేలితే బతుకుతాను."

రెండో సగం ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. అమ్మతో చెప్పాను. అమ్మ వెళ్లి ఇంట్లో తాళ్లన్నీ ఏరింది. బావి గిలకకున్న చేంతాడు కూడా విప్పి బియ్యం డబ్బాలో పెట్టింది. ఆ రోజు నుంచీ నీళ్లు పక్కింటి నుంచి మోసుకున్నాం. కావాలంటే ఎవరి బండన్నా అడిగి తెచ్చుకుని చూసిరావచ్చు గదా అని ఒకసారి అన్నాను. "ఇంకో బండి లెక్క ఇంకోటి. ఈ ఇంజనే కావాలి. దీనికెంత బలం ఉందో అంతతోనే చూడాలి" అన్నాడు.

అలా మొదలైంది. పాత ముక్కలు ఒక్కొక్కటే కొలిచి, అదే కొలతకి కొత్తవి చేస్తూ పోయాడు. హ్యాండిలుకి నీళ్ల గొట్టంలో ఇసక దట్టించి వంచాడు. పెట్రోలు ట్యాంకుకి రేకు వంపు రావాలి. అందుకు తగిన అచ్చు లేదు. ఒకరోజు అమ్మ మినప్పప్పు నానబోసుకుని వెళ్లేసరికి రుబ్బురోలు గుంటలో రేకు పెట్టి చెక్క సుత్తితో కొడుతున్నాడు. అమ్మ పప్పు గిన్నె పట్టుకుని కాసేపు నిలబడి, వెనక్కి వచ్చేసింది. ఆ గుంట వంపే మా ట్యాంకుకి వచ్చింది. నెలన్నర మా ఇంట్లో పచ్చడి లేదు, గారె లేదు, పిండి లేదు. ఆ రోలుని మమ్మల్ని కూడా తాకనివ్వని మనిషి, ఆ నెలన్నరా ఒక్క మాట అనలేదు. ఉక్కు చక్రం లారీ ఇరుసు ముక్కలోంచి తీశాడు. ఒక్కో పన్నూ ఆకురాయితో రాసి, నూనెలో కలిపిన దీపం మసి పూసి, తిప్పి చూసి, మసి ఎక్కడ చెదిరిందో అక్కడ మళ్లీ రాసేవాడు. మసి పూయడం నా పని. అప్పటికి టీచరు ట్రైనింగు అయి ఉద్యోగం కోసం చూస్తున్నాను. పూసేటప్పుడు రెండు రకాలుగా ప్రార్థన చేసేదాన్ని, ఈ పన్ను కుదరాలని ఒకసారి, కుదరకూడదని ఒకసారి. పూర్తి కానన్నాళ్లూ బతికే ఉంటాడు గదా.

పగిలిన మూత మాత్రం కొట్టి చేసేది కాదు, పోత పొయ్యాలి. పోతకి ముందు చెక్కతో అదే ఆకారం చేసి ఇసకలో అచ్చు దింపాలి. ఆటోనగర్లో పోత పనిచేసే మస్తాన్ భాయ్ చూసి, ఇన్ని మెలికలున్న మూతకి చెక్క ఆకారం తనవల్ల కాదన్నాడు. అప్పుడు అన్నయ్య పగిలిన ముక్కల్ని గుడ్డలో కట్టుకుని కొండపల్లి బస్సెక్కాడు. నేనూ వెంట వెళ్లాను, ఒంటరిగా పంపే ధైర్యం మాకెవరికీ లేదు. బొమ్మలు చేసే లక్ష్మయ్య గారు వీధరుగు మీద ఏనుగుకి తొండం అతికిస్తున్నారు. ముక్కలు తిప్పితిప్పి చూసి, "ఏం బొమ్మ బాబూ ఇది?" అన్నారు. "ఉన్నది ఉన్నట్టు చెక్కండి లక్ష్మయ్య గారూ. వెంట్రుకవాసి తేడా రాకూడదండి" అన్నాడు అన్నయ్య. ఆ మూత ఎందుకు కావాలో నేను లక్ష్మయ్య గారిని పక్కకి తీసుకెళ్లి చెప్పాను. ఆ పెద్దాయన ఏనుగుని పక్కనపెట్టి పొణికి కర్ర అందుకున్నారు. పది రోజులకి పిలిచి ఇచ్చారు. ముక్కలు కలిపి పక్కన పెడితే రంగు తప్ప తేడా లేదు.

లోహం కావాలి. అన్నయ్య పెరటి గోడ దగ్గరికి వెళ్లి వదిన గిన్నెలు తీశాడు. పెద్దది మొదలుకుని వరసగా, ఆమె పెట్టిన క్రమంలోనే తీసి గోనెలో వేశాడు. వద్దురా, పాత గిన్నెలు నేను అడిగి తెస్తాను అని అమ్మ అడ్డం వచ్చింది. "దీన్లో సుగుణది కూడా ఏదన్నా ఉండాలమ్మా" అన్నాడు. సత్తు మెత్తన అని మస్తాన్ భాయ్ రెండు పాత పిస్టన్లు కలిపి కరిగించాడు. గిన్నెలు మూసలో కుంగిపోతుంటే అన్నయ్య కళ్లార్పకుండా చూశాడు. నేను చూడలేక రోడ్డు మీదికి వచ్చేశాను. వాళ్లు పోత పోసి, చల్లారాక ఇసక దులిపి తీశారు. మెరుస్తూ ఉంది. ఇంజనుకి పెట్టి చూస్తే ఏ బోల్టూ ఏ రంధ్రానికీ ఎదురు రాలేదు. చుట్టూ చిన్నదైపోయింది.

మస్తాన్ భాయ్ చెక్క ముక్కనీ మూతనీ చూసి తల పట్టుకున్నాడు. "చల్లారితే కుంచించుకుపోద్ది దేవదానం. చెక్కే కాస్త పెద్దది చెయ్యాలి. మా వాళ్లెవరు చేసినా ఆ తరుగు కలిపే చేస్తారు, ఇదీ కలిపే ఉంటదనుకున్నా." అన్నయ్య లేతు మనిషి, కోయడమే గాని పొయ్యడం తెలియదు. లక్ష్మయ్య గారికి ఉన్నది ఉన్నట్టు దింపడమే విద్య. ముగ్గురూ ముగ్గురే పనిమంతులు. ఒకరి పనిలో ఏముంటుందో ఇంకొకరు అడగలేదు. అన్నయ్య ఆ మూతని ఒళ్లో పెట్టుకుని ఇంటికొచ్చి, షెడ్డులో దాని మీద చెంప ఆనించి పడుకున్నాడు. మర్నాడు లేవలేదు. మూడో రోజుకి మంచినీళ్లు కూడా మానేశాడు. అమ్మ నా దగ్గరికి వచ్చి, "ఆ బండి అయితే ఏమవుతాడో తెలీదు, అవ్వకపోతే వీడు ఇట్టాగే పోతాడు. వెళ్లవే ఎస్తేరూ" అంది. చెక్కముక్క తీసుకుని నేనే కొండపల్లి వెళ్లాను.

లక్ష్మయ్య గారు విని ఆ చెక్కని చేతిలోకి తీసుకున్నారు. "ఉన్నది ఉన్నట్టు చేస్తే చాలదని నాకు తెలవదమ్మా. మా బొమ్మలు చల్లారేవి కావుగా" అన్నారు. మళ్లీ కొత్తగా చెక్కే వ్యవధి లేదని, చింతపిక్కల పిండీ రంపప్పొట్టూ కలిపిన ముద్ద తెప్పించారు. మక్కు అంటారు దాన్ని, బొమ్మలకి కాళ్లూ చేతులూ అతికించేది దానితోనే. మస్తాన్ భాయ్ చెప్పి పంపిన మందాన దాన్ని ఆ చెక్క చుట్టూ వేలితో పూసి, ఆరాక రుద్ది, మళ్లీ పూశారు. సాయంత్రం బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. గిన్నెలు రెండోసారి కరిగాయి. ఈసారి మూత కాస్త పెద్దదిగానే వచ్చింది, అన్నయ్య రాసి రాసి కుదిర్చాడు. నాలుగో తన్నుకి బండి లేచింది. ఆ చప్పుడు విని అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి, గుమ్మం దగ్గర ఆగి, కొంగు నోట్లో కుక్కుకుంది.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. కూచిపూడిలో టీ తాగాం. అన్నయ్య బండి మీద చెయ్యి వేసి, బాగా నడుస్తోంది అన్నాడు. మరే రోజైనా అయితే ఎంత సంతోషించేదాన్నో. తూము దగ్గరికి రాగానే ఆపి, "టైము చెప్పు" అన్నాడు. పదకొండుంబావు అన్నాను. అక్కణ్ణుంచి మట్టిరోడ్డు. ఒక పక్కగా కూర్చుని, కుడిచేత్తో నడుం చుట్టూ పట్టుకున్నాను. ఊళ్లో కొత్త గుడిసెలు నాలుగైదు వేశారు. వదిన వాళ్ల ఇల్లున్న చోట రుబ్బురోలు ఒకటే ఉంది. అన్నయ్య బండి దిగలేదు, ఇంజను ఆపలేదు. "అక్కడికెళ్లి, అక్కణ్ణుంచి సుగుణ నడిచినట్టు నడిచి రా" అన్నాడు. ఏడు నెలల మనిషి నడిచినట్టు, నడుం మీద చెయ్యి వేసుకుని, అడుగు చూసి అడుగు వేస్తూ వచ్చాను. అన్నయ్య నన్ను చూడలేదు, ముందుకే చూస్తున్నాడు. మెల్లిగా ఎక్కి కూర్చున్నాను. గుంటల దగ్గర నెమ్మది చేస్తూ, కడుపుతో ఉన్న మనిషిని ఎలా తెస్తారో అలా తెచ్చాడు. నేను ఆయన్ని గట్టిగా పట్టుకుని, ఇంకా నెమ్మదిగా, దేవుడా ఇంకా నెమ్మదిగా అనుకుంటూనే ఉన్నాను. స్కూలు ముందు బండి ఆగింది. దిగి, అటు తిరిగి చూసుకున్నాను. పన్నెండూ ఐదు.

పది నిమిషాలు ముందే వచ్చేశాం. వదిన బతికేది.

ఆ గాలిలో బండి ఈ వేగాన నడిచేదా అని వాదించొచ్చు. అమ్మ వంద సార్లు వాదించింది. ఆయనకి వాదన అక్కర్లేదు, అంకె కావాలి. పైట సర్దుకుంటున్నట్టు వంగి వాచీ మర లాగి ముల్లు ముందుకి తిప్పాను. "ఎంతయింది ఎస్తేరూ?" అన్నాడు. "పన్నెండూ ఇరవై ఐదు అన్నయ్యా" అని చెయ్యి చాపి చూపించాను. ఉన్నది ఉన్నట్టు ఇస్తే నిలవదని లక్ష్మయ్య గారి అరుగు మీద చూశాను గదా, అంతే చేశాను. అన్నయ్య వాచీ వంక చూశాడు, నా మొహం వంక చాలాసేపు చూశాడు. "అయితే అందేది కాదు" అన్నాడు. "అందేది కాదు" అన్నాను. తూము గట్టు మీద కూలబడి, ఉప్పెన తర్వాత మొదటిసారి ఏడ్చాడు. ఇంటికొచ్చి అన్నం అడిగి తిన్నాడు. అమ్మ బియ్యం డబ్బాలోంచి చేంతాడు తీసి గిలకకి కట్టింది. వారం తర్వాత, ఈ వాచీ ముందుకి పోతోందేమే అని అమ్మ అంటే నేను చెయ్యి పైట కింద దాచుకున్నాను. "ఉప్పు నీళ్లు తాగిన వాచీ కదమ్మా, అంతే ఉంటది" అన్నాడు అన్నయ్య. బండిని దివిసీమలోనే ఒక బోధకుడికి ఇచ్చేశాడు. రెండేళ్లకి మళ్లీ పెళ్లి చేసుకున్నాడు, పిల్లలు, మనవలు. ఏటా ఉప్పెన వచ్చిన రోజున చర్చిలో ప్రార్థన అయ్యాక నా పక్కకొచ్చి, "అందేది కాదులే ఎస్తేరూ" అనేవాడు. అవునన్నయ్యా అనేదాన్ని. నా చేతుల్తో బతికించుకున్న మనిషని ఆయన్ని చూసినప్పుడల్లా లోపల్లోపల పొంగిపోయేదాన్ని. ఎవరికీ చెప్పలేదు, అన్నయ్య పోయినప్పుడు కూడా ఆ ఒక్క తృప్తితోనే నిలబడ్డాను.

కూటం అయిన రోజు కెజియా నన్ను స్కూటీ మీద బస్టాండుకి తీసుకెళ్లింది. ఈ కాలప్పిల్లలు గాలితో పందెం వేసినట్టు నడుపుతారు. పక్కకి తిరిగి కూర్చుని, భయానికి కుడిచేత్తో ఆ పిల్ల నడుం చుట్టూ గట్టిగా పట్టుకున్నాను. వాచీ మారింది గాని చెయ్యి మారలేదు. బెంజి సర్కిల్ దగ్గర సిగ్నలు పడింది. బస్సు వెళ్లిపోతుందేమోనే, టైమెంతయిందో అన్నాను. కెజియా వెనక్కి తిరగలేదు, ఫోను తీయలేదు. తల కొంచెం వంచి తన పొట్ట మీదున్న నా చేతిని చూసి, "మూడూ పది అమ్మమ్మా, అందుతుందిలే" అంది.

సిగ్నలు పడిందో పోయిందో నాకు తెలియలేదు. ఆ రోజు తూము నుంచి ఊరికీ, ఊరి నుంచి స్కూలుకీ ఈ చెయ్యి ఇలాగే అన్నయ్య పొట్ట మీద ఉంది. వాచీ ముళ్లు దారంతా ఆయన కళ్ల కిందే తిరిగాయి. బండి ఆగేటప్పటికి పన్నెండూ ఐదని నాకంటే ముందు ఆయనకే తెలుసు. నేను అటు తిరిగి మర తిప్పుతుంటే, తిప్పనిచ్చాడు. పది నిమిషాలు మిగిలేవని తెలిసీ ఇంటికొచ్చి అన్నం అడిగాడు. ఏటా వచ్చి అందేది కాదులే అన్న మాట, నన్ను అడుగుతున్నాడనుకున్నాను ఇన్నేళ్లూ. నాకు చెప్తున్నాడు.